పదకొండు సెకన్ల స్కాను

"కళ్లు మూసుకోండి. తల కింద దిండు వణుకుద్ది, భయపడకండి. మనసులో పదకొండు లెక్కపెట్టుకోండి, అయిపోద్ది."

ఈ మాట దాలినాయుడు రోజుకి నూట యాభై సార్లు చెప్తాడు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఓ పరిశోధన ఆసుపత్రిలో ఆయన స్కాను టెక్నీషియను. వయసు యాభై ఒకటి. ఇంటరు తరవాత రెండేళ్ల డిప్లమో, అంతే చదువు. కానీ మనిషిని ఆ స్కాను గొట్టంలోకి పంపించడంలో ఆయన చెయ్యే వేరు. గొట్టాన్ని చూసి ఏడ్చినోళ్లని కూడా నవ్వించి పడుకోబెట్టేవాడు.

ఆ యంత్రం చేసే పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బట్టలారేసుకునే తాడుందనుకోండి. బిగించి కట్టి ఒక్కసారి కదిపితే అల బారెడు బారెడు దూరంలో పరిగెడుతుంది. వదులుగా కట్టి కదిపితే దగ్గర దగ్గరగా మెలికలు తిరుగుతుంది. మెదడూ అంతే. తల కింద గాలి దిండు వణుకుతుంటే ఆ వణుకు మెదడులో అలలుగా పాకుతుంది. స్కాను ఆ అలల్ని ఫోటో తీస్తుంది. అలకీ అలకీ మధ్య ఎడం ఎక్కువుంటే మెదడు బిగువుగా ఉన్నట్టు. ఇరుగ్గా ఉంటే మెత్తబడుతున్నట్టు. మతిమరుపు జబ్బు బయటపడడానికి పదేళ్ల ముందే మెదడు మెత్తబడుతుందట. కంప్యూటరు చివర్లో ఒక అంకె చెప్తుంది. రెండున్నర దాటితే నిశ్చింత. రెండుకి దిగిందా, మెత్త.

ఇదివరకు ఈ పరీక్షకి ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. డాక్టర్ హైమవతి గారు తొమ్మిదేళ్లు తల బద్దలుకొట్టుకుని దాన్ని పదకొండు సెకన్లకి తెచ్చేరు. ఆ రోజు ఆసుపత్రిలో కేకు కోసేరు. మొదటి ముక్క దాలినాయుడి నోట్లోనే పెట్టేరావిడ.

ఇరవై ఐదు నిమిషాలు పట్టినన్నాళ్లూ అది రోగుల యంత్రం. పదకొండు సెకన్లయ్యేసరికి అది గేటైపోయింది. బస్సు తోలాలంటే అంకె. పోలీసు ఉద్యోగంలో కొనసాగాలంటే అంకె. పెళ్లిచూపుల్లో పిల్లతో పాటు పిల్ల తండ్రి అంకె కూడా అడుగుతున్నారు. కూరలమ్మే ఆవిడ కూడా చిల్లర తప్పు ఇచ్చినవాణ్ణి "ఏటి బాబూ, మెత్తా?" అని నవ్వుతోంది. దాలినాయుడు ఉండే వీధిలో అయితే సగం మంది ఆయన గుమ్మం తొక్కేరు, పరీక్షకి ముందు. "ఒక్క పాయింటు కలపరా నాయుడూ, నీ చేతిలో పనే కదా!" ఆయన ఎవరికీ కలపలేదు. సొంత మేనమామతో కూడా మాటలు పోయేయి దానివల్ల.

అలాంటప్పుడే గౌరీసు వచ్చేడు.

గౌరీసు ఎవరో కాదు, దాలినాయుడి అక్క అచ్చియ్యమ్మ మొగుడు. రేవులో ఓ ప్రైవేటు కంపెనీ బొగ్గు దింపే చోట పాతికేళ్లుగా క్రేను నడుపుతున్నాడు. ఏడంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, కింద ఓడలోంచి టన్నుల బొగ్గు ఎత్తి, లారీలో ఒక్క పెళ్ల కింద పడకుండా పోసేవాడు. యాభై రెండేళ్లు. అంత ఎత్తు ఎక్కేవాడికి ఇరుకంటే మాత్రం చచ్చే భయం. లిఫ్టు కూడా ఎక్కడు.

"ఒరే బామ్మర్దీ, నన్ను ఈ పొయ్యిలో పెట్టి కాల్చేస్తావేట్రా?" అన్నాడు గొట్టం చూసి. చొక్కా అప్పటికే చెమటతో తడిసిపోయింది.

"కాలిస్తే మా అక్క నన్ను బతకనిస్తాదా? పడుకో బావా."

"దిండు వణుకుద్దంట కదా, మా షిఫ్టోళ్లు చెప్పేరు. పళ్లు ఊడొచ్చేలా ఉంటాదంట."

"నీకా భయం లేకుండా చూస్తాన్లే."

దాలినాయుడికి ఓ అలవాటుంది. ఆ దిండు గట్టిగా ఉంటుంది, వణికేటప్పుడు పుర్రె కింద ఇసుక వేసి రుద్దినట్టుంటుంది. అందుకని ముసలాళ్లకీ, భయస్తులకీ తల కింద తువ్వాలు మడత పెట్టి వేసేవాడు. నాలుగేళ్లుగా, పాత పద్ధతి రోజుల్నుంచీ అదే అలవాటు. ఎవరూ వద్దన్లేదు. "నాయుడు గారి చెయ్యి చల్లన" అని రోగులు చెప్పుకునేది అందుకే. అందరికీ ఒక మడత వేసేవాడు. సొంత బావ కదా, రెండు మడతలేసేడు.

"హాయిగా ఉందిరా," అన్నాడు గౌరీసు లోపల్నించి.

పదకొండు సెకన్లయ్యేయి. తెర మీద అంకె పడింది. ఒకటీ పాయింటు ఏడు.

దాలినాయుడు తెరకి దగ్గరగా వంగి మళ్లీ చూసేడు. అంత తక్కువ అంకె ఆ యంత్రం మీద ఎప్పుడూ పడలేదు. బయట తర్వాతి మనిషి తలుపు కొడుతున్నాడు. గొట్టంలోంచి గౌరీసు అరుస్తున్నాడు, "ఏరా, అయిపోయిందా? ఇదేనా? దీనికా నేను పొద్దున్నించి ఇడ్లీ మానేసేను?"

తెర పక్కన మీట నొక్కితే అంకె కంపెనీకీ, ఆరోగ్య శాఖకీ ఒకేసారి వెళ్లిపోతుంది. వీధి మొత్తాన్ని కాదన్నవాడు బావకి మాత్రం ఎలా కలుపుతాడు? నొక్కేసేడు.

*

ఆ మర్నాడే గౌరీసుని క్రేను దింపేసేరు. గేటు దగ్గర రిజిస్టరు రాసే పని ఇచ్చేరు, నెల తిరక్కుండా అదీ తీసేసేరు. కోపంగా ఎవరూ మాట్లాడలేదు. అందరూ చాలా మెల్లగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు మాట్లాడేరు. గౌరీసుకి ఒళ్లు మండింది అందుకే.

ఇంట్లో అచ్చియ్యమ్మ గ్యాసు దగ్గరికి రానివ్వడం మానేసింది. బండి తాళాలు బీరువాలో పెట్టేసింది. చొక్కా జేబులో పేరూ ఫోను నంబరూ రాసిన చీటీ కుట్టేసింది. ఓ కొత్త నోటుపుస్తకం కొని అందులో రాసుకునేది. చెంబు ఎక్కడో పెట్టి వెతుక్కున్నాడు. శనివారాన్ని శుక్రవారం అన్నాడు. ఒకే మాట రెండుసార్లు చెప్పేడు. మీరూ నేనూ కూడా రోజూ చేసేవే ఇవన్నీ, కాకపోతే మన గురించి ఎవరూ పుస్తకంలో రాయరు.

ఆవిణ్ణి అనడానికి కూడా లేదు. వాళ్ల నాన్న ఆ జబ్బుతోనే పోయేడు. ఆరేళ్లు ఆయనకి స్నానం చేయించింది, ముద్దలు పెట్టింది. చివరికి ఓ మధ్యాహ్నం ఆవిడ పెరట్లో అంట్లు తోముతుంటే తలుపు తీసుకుని వెళ్లిపోయేడు. రైలు పట్టాల పక్కన దొరికేడు. దాలినాయుడు, అచ్చియ్యమ్మ ఇద్దరూ వెళ్లి గుర్తుపట్టేరు. ఆ చూసింది కళ్లల్లోంచి పోదు కదా.

ఈ జబ్బుకి ఇప్పుడో మందొచ్చింది. వెన్నులోంచి ఒకే ఒక్క సూది. మెత్తబడ్డ మెదడులోకి పాకి, దోసపాదుకి పందిరి వేసినట్టు ఆసరాగా అల్లుకుంటుంది. నిజంగా మెత్తబడ్డవాళ్లకి మేలు చేసింది, కాదనకూడదు. కాకపోతే వేసేక తియ్యడం కుదరదు. బాగున్న మెదడుకి వేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. బాగున్నవాడికి ఎందుకు వేస్తారు?

ఆ సూదికి వరస చాలా పెద్దది. ఆరు నెలలు తిరిగి అచ్చియ్యమ్మ ఓ తారీకు సంపాదించింది. ఒప్పుకోలు కాగితం మీద గౌరీసు సంతకం అక్కర్లేదు. మెత్త అని తేలినవాడి సంతకం చెల్లదని రూలు. భార్య పెడితే చాలు.

*

సూది తారీకు ఇంకో వారం ఉందనగా వాన పట్టుకుంది. వాయుగుండం. ఊరు ఊరంతా నీళ్లు. ఆసుపత్రి బట్టలు ఉతికే బండి మూడు రోజులు రాలేదు. దుప్పట్లకే కరువొస్తే తువ్వాళ్లెక్కడివి?

"సర్దుకోండమ్మా, పదకొండే సెకన్లు," అని బతిమాలుకుంటూ మూడు రోజులు ఉట్టి దిండు మీదే పడుకోబెట్టేడు దాలినాయుడు.

శుక్రవారం సాయంత్రం రిజిస్టరు రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. మామూలుగా రోజుకి నలుగురో ఐదుగురో మెత్త తేలేవారు. ఈ మూడు రోజుల్లో ఒక్కరే.

వాన వల్ల జనం తక్కువొచ్చేరేమో అనుకున్నాడు. లెక్క చూస్తే అంత తక్కువేం కాదు. ముసలాళ్లు రాలేదేమో అనుకున్నాడు. వచ్చేరు. అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే ఆఖరికి ఒకటే మిగిలింది. అది తలుచుకోడానికి కూడా ఆయనకి ఇష్టం లేకపోయింది.

యంత్రాన్ని సరిచూసుకోడానికి రోజూ పొద్దున్న వాడే జెల్లీ బంతి ఒకటి ఉంది, మనిషి తలకాయంత. ఉట్టి దిండు మీద పెట్టేడు. రెండూ పాయింటు ఆరు. తన భుజం మీద సొంత తువ్వాలుంది. తీసి ఒక మడతేసి బంతి కింద పెట్టేడు. ఒకటీ పాయింటు తొమ్మిది. రెండు మడతలు. ఒకటీ పాయింటు ఏడు.

దాలినాయుడు హైమవతి గారికి ఫోను చేసేడు.

హైమవతి గారు వచ్చి తన చేత్తో నాలుగుసార్లు చేసి చూసుకున్నారు. ఆవిడ మొహంలో నెత్తురు లేదు.

"పాత పద్ధతిలో ఇరవై ఐదు నిమిషాలు చూసేవాళ్లం కదండీ నాయుడు గారూ. తువ్వాలు వణుకుని మింగేసినా, యంత్రం మళ్లీ మళ్లీ చూసి అలని పట్టుకునేది. ఇప్పుడు ఒక్క చూపే. అల బలంగా లేకపోతే కంప్యూటరుకి, టీవీలో బొమ్మ పోయినప్పటి చుక్కల్లాంటి గరుకు తప్ప ఏమీ కనపడదు. ఆ గరుకునే ఇరుకు అలలనుకుని మెత్త అంటోంది."

"బంతి కింద రోజూ తువ్వాలు పెట్టలేదు కదా మేడమ్, అందుకే తెలీలేదు. పైగా నేను పెట్టింది ముసలాళ్లకి. ముసలాళ్లలో మెత్త ఎక్కువుందంటే ఎవరికి అనుమానం వస్తాది?"

"ఎంతమందికి పెట్టి ఉంటారు?"

"పదకొండు సెకన్లదొచ్చి ఎనిమిది నెలలు మేడమ్. రోజుకి నలుగురో, ఐదుగురో."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేరు. "గురువారం కమిటీ కూర్చుంటుంది. అందర్నీ వెనక్కి పిలుద్దాం. అప్పటిదాకా ఒక్క మాట బయటికి పోకూడదు. సగం తెలిసిన సంగతి ఊళ్లోకి పోతే నిజంగా జబ్బున్నవాళ్లు కూడా మందు మానేస్తారు. ప్రాణాలు పోతాయి."

"మా బావకి మంగళవారం సూది మేడమ్."

హైమవతి గారు అప్పటికప్పుడు సూది కేంద్రానికి ఈమెయిలు పెట్టేరు, ఆపమని. గంటలో జవాబొచ్చింది. కమిటీ సరిదిద్దిన రిపోర్టు లేకుండా మేం ఆపలేం. కుటుంబం కోరుకుంటే వాయిదా వేసుకోవచ్చు, అప్పుడు వరస మళ్లీ మొదటికొస్తుంది, ఏడాది పైనే పడుతుంది.

అంటే అంతా ఇప్పుడు అచ్చియ్యమ్మ చేతిలో ఉంది.

*

ఆదివారం సెలవు. బావని ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చేడు దాలినాయుడు. మెత్త తేలినవాడి పేరు మీద మళ్లీ స్కాను చెయ్యనివ్వదు కంప్యూటరు. అందుకని జెల్లీ బంతి పేరు మీద చేసేడు. ఉట్టి దిండు.

రెండూ పాయింటు ఏడు.

"బావా, నీకేం లేదు. నువ్వు బాగున్నావు."

గౌరీసు గొట్టంలోంచి బయటికొచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. తరవాత అన్నాడు, "నాకు తెలుసురా. కానీ ఆర్నెల్ల నుంచి అందరూ ఒకే మాట అంటుంటే, ఈ మధ్య నాకే... పొద్దున్నే లేచి నా పేరు నేను చెప్పుకుని చూసుకుంటున్నానురా." అని భోరుమన్నాడు. అంత మనిషి అలా ఏడవడం దాలినాయుడు ఎప్పుడూ చూళ్లేదు.

ఇంటికెళ్లి అక్కతో చెప్పేడు. అచ్చియ్యమ్మ వంకాయలు తరుగుతోంది.

"అక్కా, మంగళవారం వద్దు. మిషను తప్పు చెప్పింది. మళ్లీ చూసేను, బావకి రెండూ పాయింటు ఏడొచ్చింది."

"కాగితమేది?"

"కాగితం ఇంకా రాదు. ఇదిగో, చీటీ మీద రాసేను."

ఆవిడ చీటీకేసి చూసి, తమ్ముడికేసి చూసింది. "ఇది నీ రాతే కదరా."

"నా రాతే."

"ఊళ్లో అందరూ పాయింటు కలపమంటే కలపలేదు నువ్వు. ఇప్పుడు నా పసుపు కుంకాలు చూసి నీ మనసు కరిగిపోయింది. నాకు తెలీదేట్రా నీ సంగతి."

"అక్కా, నిజంగా మిషనే తప్పు..."

"అంత పెద్ద మిషను ఎలా తప్పు చెప్పింది? చెప్పు."

అదిగో, అక్కడ ఆగిపోయేడు దాలినాయుడు. తువ్వాలు అన్న మాట గొంతు దాకా వచ్చింది. మేడమ్ చెప్పొద్దన్నారు, నిజమే. కానీ అందుకు కాదు ఆగింది. నీ మొగుణ్ణి ఆర్నెల్లు పిచ్చివాడిలా చూసింది నా వల్ల అని అక్క మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గు. అంతే.

"ఏదో... సాంకేతికంగా," అన్నాడు.

గౌరీసుకి తిక్క రేగిపోయింది. "ఏటే, నా తలకాయ గురించి నువ్వు చెప్పేదేటే! నేను బాగున్నానంటుంటే!" అని చేతిలో గ్లాసు విసిరేసేడు. గోడకి తగిలి మజ్జిగంతా చిందింది.

అచ్చియ్యమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. లేచి, ఆసుపత్రోళ్లు ఇచ్చిన కాగితం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. జబ్బు గుర్తులు అచ్చేసి ఉన్నాయి అందులో. ఊరికే కోపం రావడం. వస్తువులు విసరడం. నాకేం జబ్బు లేదని వాదించడం.

"మన నాన్న కూడా ఇలాగే అనేవోడు," అంది మెల్లగా. "నాకేం లేదే అచ్చీ, నాకేం లేదే అని. నాకు ఇంకోసారి ఆ పట్టాల దగ్గరికి వెళ్లే ఓపిక లేదురా తమ్ముడూ."

*

మంగళవారం సూది కేంద్రంలో గౌరీసు గొడవ చెయ్యలేదు. గొడవ చేస్తే దాన్నీ రాసుకుంటారని అర్థమైపోయింది. వీల్‌చైరులో కూర్చుని బామ్మర్దికేసి చూసేడు, "నువ్వు చెప్పరా" అన్నట్టు.

దాలినాయుడు అక్కడి డాక్టరు దగ్గరికెళ్లేడు, ముప్పై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. స్కానులో పొరపాటు జరిగిందన్నాడు.

"రిపోర్టు ఉందా అంకుల్?"

"గురువారం వస్తాది బాబూ."

"మీరు పేషెంటుకి ఏమవుతారు?"

"బావమరిదిని."

ఆ కుర్రాడు భుజం మీద చెయ్యేసేడు. "రోజుకొకరైనా వస్తారంకుల్ ఇలా. ఒప్పుకోడం కష్టమే."

అప్పటికైనా నేనే తువ్వాలు పెట్టేను నాయనా, తప్పు నాది అని అరవచ్చు. చుట్టూ జనం ఉన్నారు, అక్క ఉంది. నోరు తెరిచేడు. లోపల్నించి నర్సు గౌరీసు పేరు పిలిచింది. అచ్చియ్యమ్మ సంతకం పెట్టేసింది. వీల్‌చైరు వెళ్లిపోయింది, తలుపు మూసుకుంది. పావుగంట కూడా పట్టలేదు.

గురువారం కమిటీ కూర్చుంది. హైమవతి గారు ఏమీ దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పేరు. పదకొండు సెకన్ల పరీక్ష ఆపేసేరు. ఎనిమిది వందల మందిని వెనక్కి పిలిచేరు. అందులో సూది పడిపోయినవాళ్లు అరవై ముగ్గురు. దాలినాయుణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. "మీరు కనిపెట్టబట్టే కదా ఆగింది" అన్నారు. తీసేసినా బాగుండేది.

గౌరీసు రెండు వారాలు మామూలుగానే ఉన్నాడు. తరవాత మాట నెమ్మదించింది. అడిగినదానికి జవాబు చెప్తాడు, కానీ మాటకీ మాటకీ మధ్య చాలా ఎడం వస్తోంది. కోపం పోయింది, భయమూ పోయింది. లిఫ్టెక్కమంటే ఎక్కేస్తున్నాడు. గంజి ఎక్కువైన పంచె మడత పడనట్టు, మనిషి లోపలేదో వంగడం మానేసింది. టీవీలో ఓడ కనపడితే "పెద్ద పడవ" అన్నాడు.

నెల దాటేక ఆసుపత్రి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, అచ్చియ్యమ్మకి అంత చదువు రాదు. తమ్ముణ్ణి పిలిచి చదవమంది. పక్కన గౌరీసు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

దాలినాయుడు తెలుగులో చదివి చెప్పేడు. ఫలానా తేదీన చేసిన స్కానులో, రోగి తల కింద తువ్వాలు ఉంచడం వల్ల, అంకె తప్పుగా వచ్చిందని గుర్తించేం. రోగికి మెదడు మెత్తబడే జబ్బు లేదు. జరిగిన నష్టానికి తీవ్రంగా చింతిస్తున్నాం.

అచ్చియ్యమ్మ దగ్గరికి జరిగి అడిగింది. "తువ్వాలు ఎవరు పెట్టేర్రా?"

"నేనే అక్కా."

"ఆ రోజు వంకాయలు కోస్తుంటే వచ్చేవు. అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆ ఒక్క మాట చెప్పుంటే నమ్మేదాన్ని కదరా. తప్పు నాదని ఎవడూ అబద్ధం చెప్పుకోడు కదరా!" ఏడవలేదావిడ. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసి చూసుకుంటూ ఉండిపోయింది. సంతకం పెట్టిన చెయ్యి.

గౌరీసు ఇద్దరి మొహాలకేసీ మార్చి మార్చి చూసేడు. ఉత్తరం వేలితో తాకేడు.

"పాపం," అన్నాడు, తీరిగ్గా. "ఎవరో గానీ, పెద్ద అన్యాయం జరిగిపోయింది. ఆయనకి చెప్పేరా?"

"ఇప్పుడే చెప్పేను బావా."

"ఏటన్నాడు?"

"ఏం అన్లేదు."

గౌరీసు ఆలోచించేడు. చాలాసేపు పట్టింది.

"మంచోడు," అన్నాడు.